అపరాల జీనోమ్ - జీవిత చక్రం

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ విస్తరించిన కోనసీమ పేరు వినగానే కొబ్బరితోటలు, వరిచేలు మన కన్నుల ముందు నిలుస్తాయి. అయితే ఆ వరిచేలలో అపరాలకు కూడా ఒక స్థానం ఉన్నది. దాళ్వా వరికి కాలువ నీరు చాలని చోట్ల, సార్వా వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలిచి ఉన్న పైరులోనే రైతులు మినుము, పెసర విత్తనాలను చల్లుతారు. ఆ పంటకు దుక్కి లేదు, నీటితడి లేదు. నేలలో మిగిలిన తేమ, రాత్రివేళ కురిసే మంచు మాత్రమే దానికి ఆధారం. ఆ తేమ ఆరిపోయేలోగా మొక్క మొలవాలి, పూయాలి, కాయలు పండాలి. పెసర సుమారు 60 నుంచి 70 రోజులలోను, మినుము సుమారు 70 నుంచి 85 రోజులలోను ఈ పని ముగిస్తాయి. అదే కుటుంబానికి చెందిన కందిలో అనేక రకాలు ఖరీఫ్‌లో విత్తితే ఐదారు నెలలు తీసుకుంటాయి. ఒకే కుటుంబంలో ఇంత భేదం ఎందుకు ఏర్పడింది? మొక్క కణంలోని జన్యుపదార్థ పరిమాణమే ఇందుకు కారణమా?

ఒక జీవి నిర్మాణానికి, మనుగడకు కావలసిన సమాచారమంతా దాని కణకేంద్రకంలోని డి.ఎన్.ఎ.లో ఇమిడి ఉంటుంది. ఒక జత క్రోమోజోములలో ఒక్కొక్కటి చొప్పున తీసుకొని లెక్కించిన మొత్తం డి.ఎన్.ఎ.ను జీనోమ్ అంటారు. దానిని క్షార జతలలో కొలుస్తారు. మానవుని జీనోమ్‌లో సుమారు 310 కోట్ల క్షార జతలున్నాయి.

కణం విభజన చెందే ముందు తన డి.ఎన్.ఎ. మొత్తానికి నకలు తీయాలి. పుస్తకం పెద్దదైన కొద్దీ నకలు రాయడానికి ఎక్కువ కాలం పట్టడం సహజం. అదేవిధంగా జీనోమ్ పెరిగిన కొద్దీ కణాలు పెద్దవవుతాయి. విభజనకు, ముఖ్యంగా పుప్పొడి రేణువులు ఏర్పడే క్షయకరణ విభజనకు, పట్టే కాలం పెరుగుతుంది. దీనిని ఆధారం చేసుకొని 1972లో మైకేల్ బెనెట్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఒక సూత్రాన్ని ప్రతిపాదించాడు. గుల్మాలలో అతి తక్కువ కాలంలో ఒక తరాన్ని ముగించే మొక్కలన్నింటికీ చిన్న జీనోమ్‌లే ఉంటాయి. అతి పెద్ద జీనోమ్ గల మొక్కలు బహువార్షికాలుగా మాత్రమే జీవించగలవు. అయితే చిన్న జీనోమ్ ఉన్నంత మాత్రాన మొక్క త్వరపడాలన్న నియమం లేదు. జీనోమ్ పరిమాణం వేగానికి ఒక హద్దు గీస్తుందే తప్ప ఆయుష్షును నిర్ణయించదు.

ఈ సూత్రాన్ని మన అపరాలతో సరిచూద్దాం. పెసర జీనోమ్ సుమారు 58 కోట్ల క్షార జతలు. మినుముది కూడా దాదాపు అంతే. శనగకు సుమారు 74 కోట్లు, కందికి 83 కోట్లు, సోయాచిక్కుడుకు 110 కోట్లు, వేరుశనగకు 270 కోట్లు, బఠాణీకి 445 కోట్లు. ఐరోపా, పశ్చిమాసియాలలో పండించే ఫాబా చిక్కుడుకు దాదాపు 1,300 కోట్లు. అనగా మానవుని జీనోమ్‌కు నాలుగు రెట్లకు మించినది! ఇంత భారం మోస్తున్నా అది ఏకవార్షికమే. బఠాణీ జీనోమ్ కందికి ఐదు రెట్లు పెద్దది. అయినా బఠాణీ మూడు, నాలుగు నెలలలో పండుతుంది. స్వతస్సిద్ధంగా బహువార్షిక పొద అయిన కందిని మనం ఏకవార్షికంగా సాగుచేస్తున్నాం.

పెద్ద జీనోమ్ అంటే ఎక్కువ జన్యువులని అర్థం కాదు. పెసరలో సుమారు 22 వేల జన్యువులను గుర్తించగా, దానికి ఇరవై రెట్లకు మించిన జీనోమ్ గల ఫాబా చిక్కుడులో గుర్తించినవి సుమారు 34 వేలు మాత్రమే. మిగిలిన భాగంలో అధికాంశం పదే పదే వచ్చే పునరావృత భాగాలు. తమకు తామే నకళ్లు తీసుకొని చోట్లు మారే జన్యుభాగాలే వీటికి ప్రధాన మూలం. ఇటువంటి చలనశీల భాగాలను మొక్కజొన్నలో కనుగొన్న బార్బరా మెక్‌క్లింటాక్‌కు 1983లో నోబెల్ బహుమతి లభించింది.

అయితే మొక్క ఎప్పుడు పూయాలో నిర్ణయించేది ఏది? రాత్రి నిడివిని ఆకులు గుర్తిస్తాయి. కొన్ని జన్యువులు ఆ సమాచారాన్ని అందుకొని, పూత సంకేతాన్ని కొమ్మ చివరకు పంపుతాయి. కంది సాధారణంగా రాత్రులు పొడవైన కాలంలో పూచే మొక్క. అందుచేత జూన్‌లో విత్తిన కంది ఏపుగా పెరిగి ఆలస్యంగా పూస్తుంది. అదే రకాన్ని సెప్టెంబరులో విత్తితే పొట్టిగా ఉండగానే పూసి, నెలకు పైగా ముందే కోతకు వస్తుంది. జీనోమ్‌లో ఒక్క అక్షరమైనా మారలేదు, మారినది కాలమే. జీలుగు వంటి పచ్చిరొట్ట పైర్లను పూత దశలోనే కలియదున్నడంలోనూ ఈ మలుపు ప్రాముఖ్యం కనిపిస్తుంది. ఆ దశ దాటితే కాండం నారగా ముదురుతుంది, నత్రజని గింజలవైపు మళ్లుతుంది.

హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ సంస్థ శాస్త్రజ్ఞుల నాయకత్వంలో 2011లో కంది జీనోమ్ వెల్లడైంది. దానికై ఎన్నుకున్న రకం పేరు ‘ఆశ’. పూతకాలాన్ని, తెగులు నిరోధక శక్తిని శాసించే జన్యువులను వెదకడానికి ఆ జ్ఞానం తోడ్పడుతున్నది. ఆ సంస్థే కాంతిని, ఉష్ణోగ్రతను అదుపుచేసి, కందిలో ఏడాదికి నాలుగు తరాల వరకు పెంచే విధానాన్ని రూపొందించింది. గుంటూరు సమీపంలోని లాం పరిశోధన స్థానం వరి మాగాణులకు అనువైన మినుము రకాలను అందించింది.

మాగాణిలో మినుము పూత రెండు వారాలు ఆలస్యమైతే, గింజ గట్టిపడే వేళకు నేలలో తేమ ఉండదు. రైతు శ్రమ ఫలించేదీ, వృథా అయ్యేదీ ఆ రెండు వారాలలోనే. ఆ గడువును సరిదిద్దగలిగేది జీనోమ్ పరిమాణం కాదు. అందులోని కొద్దిపాటి జన్యువులను, అవి స్పందించే ఋతువును ఎరిగి, నేలకు తగిన విత్తనాన్ని ఎన్నుకొనే వివేకం.