బాస్కెట్‌బాల్ ఆటకు తీర్పరి వచ్చు విధము

ఆట జరుగునప్పుడు మనమందఱము ఆటగాండ్రనే చూతుము. బంతిని బుట్టలో వేసిన బాలుని మెచ్చుకొందుము. ఓడినవారిని చూచి జాలిపడుదుము. వారి నడుమ ఈల పట్టుకొని పరుగెత్తు తీర్పరిని మాత్రము తప్పు పట్టవలసి వచ్చినప్పుడే జ్ఞాపకము చేసికొందుము. అతడెవరు? ఎవరు పంపగా వచ్చెను? ఎవరి సొమ్ము పుచ్చుకొనుచున్నాడు? ఈ ప్రశ్నలు స్వల్పములుగా గన్పట్టును గాని, ఆట న్యాయముగా జరుగుట వీని యుత్తరములపైననే ఆధారపడియున్నది. బాస్కెట్‌బాలుకు పుట్టినిల్లయిన అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఉన్నత పాఠశాలలు ఈ పని నెట్లు నడుపుకొనుచున్నవో మన విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలుపుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ ఆట 1891వ సంవత్సరము డిసెంబరు మాసమున, మసాచుసెట్సు రాష్ట్రములోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమందు వై.ఎం.సి.ఏ. వారి శిక్షణ పాఠశాలలో పుట్టినది. దీనిని కల్పించిన జేమ్స్ నెయిస్మిత్ అను ఉపాధ్యాయుడు 13 నియమములను వ్రాసెను. ఆ నియమములలోనే తీర్పరుల పనియు నిర్ణయింపబడినది. అంపైరు ఆటగాండ్ర నడవడికి తీర్పరి. రిఫరీ బంతికి తీర్పరి. కాబట్టి ఆటతోపాటు తీర్పరియు పుట్టెనని చెప్పవచ్చును. ఈ ఆట మన దేశమునకు వచ్చినదియు ఆ వై.ఎం.సి.ఏ. మూలముననే. 1920వ సంవత్సరమున హారీ క్రో బక్ గారు మద్రాసులో స్థాపించిన వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాలలో శిక్షణ పొందిన ఉపాధ్యాయులు దీనిని దక్షిణదేశపు పాఠశాలలలో వ్యాపింపజేసిరి.

ఇక అమెరికాలోని యేర్పాటును చూతము. అచ్చట ప్రతి రాష్ట్రమునకును ఉన్నత పాఠశాలల ఆటల సంఘమొకటి కలదు. ఈ సంఘములన్నియు 1920లో స్థాపింపబడిన జాతీయ సమాఖ్యలో చేరియున్నవి. జాతీయ సమాఖ్య ఆట నియమముల గ్రంథమును ప్రకటించును గాని తీర్పరులను నియమింపదు. తీర్పరికి అనుమతి నిచ్చునది రాష్ట్ర సంఘము. తీర్పరి కాగోరువాడు ఏటేట తన పేరు నమోదు చేయించుకొని, రుసుము చెల్లించి, నియమములలో పరీక్ష వ్రాయవలయును. అతని పూర్వచరిత్రలో నేరములేవైన గలవేమో అనేక రాష్ట్రములలో విచారింతురు. ఏలయన అతడు బాలబాలికల నడుమ మెలగవలసినవాడు. తరువాత అతడు తన ప్రాంతపు తీర్పరుల సంఘములో చేరి, అనుభవశాలుల యొద్ద పని నేర్చుకొనును. మొదట చిన్న తరగతుల ఆటలు, పిమ్మట జూనియర్ జట్ల ఆటలు, కొన్ని సంవత్సరముల కృషి పిమ్మట వర్సిటీ అనబడు ప్రధాన జట్ల ఆటలు అతనికి లభించును. వీరిలో పెక్కుమందికి ఇది జీవనోపాధి కాదు. పగలు ఉపాధ్యాయులుగానో, గుమాస్తాలుగానో, వర్తకులుగానో పనిచేసి, సాయంకాలము చారల చొక్కా తొడుగుకొని వచ్చువారే వారు.

అనుమతి పొందినంత మాత్రమున ఆట లభింపదు. ఏ ఆటకు ఎవరు పోవలయునో నిర్ణయించుటకు వేఱొక మనుష్యుడు గలడు. అతనిని అసైనరు అందురు, అనగా నియామకకర్త. సాధారణముగా కొన్ని పాఠశాలలు కలిసి యొక లీగుగా నేర్పడి, తమ ఆటలన్నిటికిని తీర్పరులను కుదుర్చు పని యొక అసైనరున కప్పగించును. బాస్కెట్‌బాల్ కాలము నవంబరులో మొదలై మార్చితో ముగియును. పాఠశాలల ఆటల అధికారులు చాల నెలల ముందుగనే తమలో తాము మాట్లాడుకొని ఆటల పట్టికను సిద్ధపఱచి అసైనరునకు పంపుదురు. తీర్పరులును తాము రాలేని దినములను అతనికి ముందుగా తెలుపుదురు. ఈ రెండు పట్టికలను జతపఱచుటయే అతని విద్య.

ఇది వినుటకు సులభమేగాని చేయుట కష్టము. ఒక లెక్క చూడుడు. ఒక శుక్రవారము సాయంకాలము పండ్రెండు వ్యాయామశాలలలో పండ్రెండు ప్రధానమైన ఆటలు గలవనుకొందము. ఒక్కొక్క ఆటకు ముగ్గురు తీర్పరులు కావలసియున్నచో మొత్తము 36 మంది. ప్రతిచోటను ముందుగా జూనియర్ జట్ల ఆటయు నుండి, దానికి ఇద్దరు చొప్పున కావలసియున్నచో మఱి 24 మంది. ఒక్క సాయంకాలమునకే 60 స్థానములు నింపవలయును! కొందఱు రెండాటలును ఆడింతురు గాని అందఱును అట్లు చేయజాలరు. ఒకడు నలుబది మైళ్ల దూరమున నుండును. ఒకనికి పని ముగియునప్పటికి ఆరు గంటలగును. ఒకని కుమారుడు ఆ జట్టులోనే ఆడుచుండును; అట్టివానిని ఆ ఆటకు పంపరాదు. తాను చదివిన పాఠశాలకో, తాను పనిచేయు పాఠశాలకో తీర్పరిగా పోవుట తగదని పెక్కు ప్రాంతములలో నియమమున్నది. ఒకే తీర్పరిని ఒకే జట్టునకు మాటిమాటికి పంపుటయు మంచిది కాదు. క్రొత్తవానిని ఒంటరిగా విడువక, పాతవానితో జతచేయవలయును. ఇవి యన్నియు చూచుకొని అసైనరు నియామకములు చేయును. పూర్వము ఉత్తరములతోను, టెలిఫోనుతోను జరిగిన ఈ పని నేడు కంప్యూటరు మూలముగా జరుగుచున్నది. తీర్పరి తనకు వచ్చిన నియామకమును చూచి, అంగీకారమో నిరాకరణమో తెలుపును. అంగీకరించిన తరువాత, ఎక్కువ సొమ్ము వచ్చు వేఱొక ఆట దొరికెనని మొదటిదానిని విడిచిపెట్టువానికి మరల పిలుపు వచ్చుట అరుదు.

కాలము చివర జరుగు రాష్ట్రపు పోటీలకు మాత్రము రాష్ట్ర సంఘమే తీర్పరుల నెన్నుకొనును. శిక్షకులిచ్చిన మార్కులు, పరిశీలకుల నివేదికలు, పరీక్షాఫలితములు, అనుభవము మొదలగునవి చూచి యెన్నుకొను పద్ధతి పలు రాష్ట్రములలో గలదు. ఆ పిలుపు వచ్చుట తీర్పరికి గొప్ప గౌరవము.

ఇక సొమ్ము మాట. తీర్పరికి నెలజీతము లేదు; ఆట కింత యని రుసుము. ప్రధాన జట్ల ఆటకు ఎక్కువ, చిన్నవారి ఆటకు తక్కువ. నేడు చాలచోట్ల ప్రధానమైన ఆటకు సుమారు 60 మొదలు 100 డాలర్ల వఱకు ఇచ్చుచున్నారు. సాధారణముగా ఆతిథ్యమిచ్చు పాఠశాలయే దీనిని చెల్లించును. పూర్వము ఆటనాడే చెక్కును చేతి కిచ్చెడివారు. ఇప్పుడు పెక్కుచోట్ల సొమ్ము నేరుగా బ్యాంకునకు పోవుచున్నది. కొన్నిచోట్ల ప్రయాణపు ఖర్చును కూడ కలుపుదురు.

పైకి ఇది మంచి రాబడిగా దోచును. కాని లెక్క వేసి చూతము. రుసుము 80 డాలర్లనుకొనుడు. ఏడు గంటల ఆటకు తీర్పరి అయిదు గంటలకే యిల్లు విడుచును. ఆట యారంభమునకు కనీసము పావుగంట ముందుగా మైదానములో నుండవలయును. ఆట గడియారము మీద 32 నిమిషములే యైనను, ఇల్లు చేరునప్పటికి తొమ్మిదిన్నర యగును. రాకపోకలకు 20 డాలర్లు పోయినచో, నాలుగున్నర గంటల శ్రమకు మిగిలినది 60 డాలర్లు. గంటకు పదుమూడింటికి కొంచె మెక్కువ. చొక్కా, బూట్లు, ఈల, సంఘపు చందా, ఆదాయపు పన్ను ఇంకను ఇందులోనుండియే పోవలయును.

వీరు పాఠశాలకు గాని సంఘమునకు గాని ఉద్యోగులా యను ప్రశ్న న్యాయస్థానమువఱకును పోయినది. పెన్సిల్వేనియా రాష్ట్రములో లాక్రాస్ అను మఱియొక ఆట తీర్పరులు కార్మిక సంఘముగా నేర్పడగోరగా, వారు ఉద్యోగులేయని జాతీయ కార్మిక సంబంధముల బోర్డు 2017లో నిర్ణయించెను. 2019లో వాషింగ్టను నగరములోని అప్పీలు న్యాయస్థానము దానిని త్రోసివేసి, వారు స్వతంత్రముగా పని చేయువారని తీర్పు చెప్పెను. ఆటకింత యని రుసుము పుచ్చుకొనుటయు, ఆటల కాలము స్వల్పమగుటయు ఆ తీర్పునకు గల కారణములలోనివి.

ఈ యేర్పాటంతటిలోను ముఖ్యముగా గమనింపవలసినవి రెండు. తీర్పరిని ఆడు జట్టు ఏరుకొనదు. అతని రుసుము ఆటకు ముందే నిర్ణయమై యుండును. ఎవరు గెలిచినను అది పెరుగదు, తఱుగదు. ఆతిథ్యమిచ్చిన పాఠశాల సొమ్ము పుచ్చుకొనియు ఆ పాఠశాలకు విరుద్ధముగా అతడు నిర్భయముగా ఈల వేయగలుగుట ఈ రెంటి వలననే. అతని కన్ను పొరబడవచ్చును గాని, అతనికి పక్షము లేకుండ ముందుగనే కట్టుదిట్టము చేయబడినది.

అయినను నేడు ఈ యేర్పాటునకు గొప్ప చిక్కు వచ్చినది. 2018–19 మొదలు 2021–22 వఱకు గల కాలములో అన్ని ఆటలలోను కలిపి సుమారు 50,000 మంది ఉన్నత పాఠశాలల తీర్పరులు పని మానుకొనిరని జాతీయ సమాఖ్య తెలిపినది. కరోనా వ్యాధి అందుకొక కారణమే. కాని ప్రేక్షకుల దూషణములు, ముఖ్యముగా తల్లిదండ్రుల దుర్భాషలు, అంతకంటె పాతవ్యాధి. క్రొత్తగా చేరినవారు కొలది సంవత్సరములలోనే విసిగి వెడలిపోవుచున్నారు. తీర్పరులమీద చేయిచేసికొనువారిని శిక్షించుటకు పలు రాష్ట్రములు ప్రత్యేక శాసనములు చేయవలసివచ్చెను. తీర్పరులు చాలక, శుక్రవారపు ఆటలు వేఱు దినములకు మార్చబడుచున్నవి. ముగ్గురుండవలసినచోట ఇద్దరే పరుగెత్తుచున్నారు. చిన్న తరగతుల ఆటలు కొన్ని నిలిచిపోవుచున్నవి. అసైనరు ఎంత నేర్పరి యైనను, పట్టికలో పేర్లు లేనిచో ఏమి చేయగలడు? పెద్దవారు కేకలు వేసినందుకు ఆట పోగొట్టుకొనువారు పిల్లలే.

విద్యార్థులారా! మన పాఠశాలల పందెములలోను ఈ పద్ధతి కొంతవఱకు అనుసరింపదగియున్నది. పందెమునకు వారము ముందుగనే తీర్పరి పేరును ఇరుపక్షములకును తెలిపి, వారి సమ్మతి పొందవచ్చును. రెండు పాఠశాలలకును చెందని వానిని పిలుచుట మేలు. అతని దారిఖర్చు, రుసుము ముందుగనే నిర్ణయించి, ఆటకు ముందే ఇచ్చివేయవచ్చును. సందేహమున్నచో జట్టు నాయకుడొక్కడే మర్యాదగా అడుగవలయును. మీలో ఆడుటకు అవకాశము దొరకనివారు నియమముల గ్రంథమును చదివి, చిన్న తరగతుల ఆటలకు ఈల పట్టి చూడుడు. ఒక్క సాయంకాలము ఆ పని చేసినవాడు మరల మైదానపు గట్టున నిలిచి తీర్పరిని దూషింపడు.