ఘంటసాల... పాట కాదు, రేవు!

"ఘంటసాల" అనగానే మీకేం గుర్తొస్తుంది? అడగడం కూడా దండగే! తెర మీద ఎన్టీఆర్ పెదవి కదిపినా, ఏఎన్నార్ కదిపినా వెనక నుంచి వినిపించిన ఆ గొంతే కదూ?

మాకూ అంతే. కానీ పామర్రు బస్టాండులో నిలబడి "ఘంటసాల వెళ్ళాలండీ" అంటే, టీకొట్టాయన నవ్వేసి, "పాటలాయన ఊరికా? ఆయన పుట్టింది అక్కడ కాదండీ, గుడివాడ దగ్గర చౌటపల్లిలో" అన్నారు. నిజమే. 1922 డిసెంబరు 4న ఘంటసాల వెంకటేశ్వరరావు పుట్టింది చౌటపల్లిలోనే. ఆయన ఇంటిపేరుగా మాత్రమే లోకానికి తెలిసిన ఆ ఊరు మరొకటుంది. పామర్రుకి పాతిక కిలోమీటర్ల లోపే. ఆ ఊరికి ఇంకో ఖ్యాతి కూడా ఉంది. దాదాపు 1,900 ఏళ్ల క్రితం గ్రీకు భాషలో రాసిన ఓ పుస్తకంలో దాని పేరు కనిపిస్తుంది!

తారలు పుట్టిన దారి

ఈ దారే ఓ సినిమా. పామర్రు పక్కనే నిమ్మకూరు, 1923లో నందమూరి తారక రామారావు పుట్టిన ఊరు. దక్షిణంగా సాగితే కూచిపూడి. "దేవదాసు" (1953) తీసిన వేదాంతం రాఘవయ్య ఆ గడ్డ మీద గజ్జె కట్టినవారే. "మాయాబజార్" (1957) నృత్యాలు కూర్చిన పసుమర్తి కృష్ణమూర్తిదీ ఆ సంప్రదాయమే. కూచిపూడి దాకా బస్సులో వెళ్ళి, అక్కణ్ణుంచి కాలినడక పట్టాం. పది పన్నెండు కిలోమీటర్లుంటుంది. పక్కన కాలువ, రెండు వైపులా వరిచేలు, మధ్యమధ్య కొబ్బరిచెట్లు. ఎటు చూసినా పచ్చదనమే గానీ సముద్రం జాడ లేదు. ఇక్కడ ఓడరేవేమిటి, ఎవరో చెవిలో పువ్వు పెట్టారా అనిపించింది!

టాలమీ చెప్పిన కబురు

ఎవరూ పువ్వు పెట్టలేదు లెండి. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో టాలమీ అనే పండితుడు ప్రపంచ భూగోళం రాశాడు. అందులో మన కృష్ణానదిని "మైసోలోస్" అన్నాడు. ఈ తీరంలో "కంటకొస్సూల" అనే ఊరుందనీ, అది "ఎంపోరియన్" అనీ రాశాడు. ఎంపోరియన్ అంటే సరుకు దిగే, సరుకు ఎక్కే వర్తకపు రేవు. ఓడలు గట్టు విడిచి నడిసముద్రంలోకి, బంగారు భూమి వైపు సాగిపోయే చోటు కూడా ఈ తీరానే ఉందన్నాడు. ఆ బంగారు భూమి అంటే బర్మా, మలయా దేశాల వైపు.

అంతకు ముందే, మొదటి శతాబ్దంలో, పేరు చెప్పుకోని ఓ గ్రీకు వర్తకుడు ఈ ప్రాంతాన్ని "మసాలియా" అని పిలిచి, ఇక్కడ సన్నని నూలుబట్టలు విరివిగా నేస్తారని రాసుకున్నాడు. మచిలీపట్నం పేరులో ఆ మాట ఛాయ వెతికే చరిత్రకారులున్నారు.

కంటకొస్సూలే ఘంటసాల అని ఎలా తెలిసింది? ఆ జవాబు ఘంటసాల రాళ్లే చెప్పాయి. ఇక్కడ దొరికిన ప్రాకృత శాసనాల్లో "కంటకసోల" అని ఊరి పేరుంది. గ్రీకు పండితుడు విన్న పేరూ, మన శిల్పి చెక్కిన పేరూ ఒక్కటే!

ఊళ్ళో నాలుగడుగులు

ముందుగా జలధీశ్వరుడి గుడికి వెళ్ళాం. జలధి అంటే సముద్రం. చుట్టూ వరిచేలున్న ఊళ్ళో దేవుడి పేరు సముద్రానికి ఈశ్వరుడు! శివుడూ పార్వతీ ఒకే పీఠం మీద ఉండటం ఇక్కడి విశేషం. సముద్రం వెళ్ళిపోయినా స్వామి పేరు మాత్రం మారలేదు.

అక్కణ్ణుంచి బౌద్ధస్తూపం. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అలెగ్జాండర్ రే అనే పురావస్తు అధికారి తవ్వించిన చోటు. పైకి చూస్తే గడ్డి మొలిచిన దిబ్బ, అంతే. లోపల మాత్రం బండిచక్రం ఆకుల్లా ఇటుక గోడలు. మ్యూజియంలో పాలరాయిలాంటి సున్నపురాతి శిల్పాలు చూస్తుంటే అమరావతి గుర్తుకు రాక మానదు.

కానీ మమ్మల్ని ఆపేసింది ఒక్క పేరు. సుమారు 1,700 ఏళ్ల నాటి ఘంటసాల శాసనాల్లో ఒకదాంట్లో "మహానావికుడు శివకుడు" కనిపిస్తాడు. రాజు కాదు, సేనాపతి కాదు. ఓడలు నడిపినవాడు! ఎన్ని తుపాన్లు దాటాడో, ఏ దేశాలు చూశాడో రాయి చెప్పదు. కథానాయకుడి పేరు మాత్రం ఇచ్చి, కథ మన ఊహకే వదిలేసింది.

సముద్రం ఎటు పోయింది?

సముద్రం ఎటూ పోలేదు, కృష్ణమ్మే దాన్ని జరిపింది. ఏటేటా వరదనీటితో తెచ్చిన ఒండ్రు పోసి పోసి నేలను ముందుకు పెంచింది. ఈనాడు ఘంటసాల నుంచి సముద్రానికి ఇరవై కిలోమీటర్లకు పైమాటే. గ్రీకుల పేరుమోసిన రేవు ఎఫెసస్‌కీ ఇదే గతి పట్టింది. నేటి టర్కీలో ఉన్న ఆ నగరం రేవుని అక్కడి నది ఒండ్రుతో పూడ్చేసింది. అయితే ఆ శిథిలాల మధ్య నడవటానికి దేశదేశాల నుంచీ జనం వస్తారు. మన ఘంటసాల దిబ్బ దగ్గర మేమున్న గంటసేపట్లో మేం తప్ప మరో మనిషి లేడు. రెండు మేకలున్నాయి!

తిరుగుదారిలో ఓ పెద్దాయన "ఏం బాబూ, షూటింగుకి చోటు చూడ్డానికొచ్చారా?" అని అడిగారు. కాదన్నాం. "మరెందుకు?" అన్నారు. శివకుడి సంగతి చెప్పాం. ఆయన కాసేపు ఊరుకుని, "మా ఊళ్ళోనే పుట్టి పెరిగానండీ. ఈ ముక్క ఇప్పుడే వింటున్నా" అన్నారు.

ఆ మాట ములుకులా గుచ్చుకుంది. ఘంటసాల మాస్టారు 1974 ఫిబ్రవరి 11న కన్నుమూసినా ఆయన పాట మన నాలుక మీదే ఉంది. ఎందుకంటే మనం పాడుకుంటున్నాం కాబట్టి. శివకుడి పేరు రాతి మీద ఉన్నా అందరికీ చేరలేదు. ఎవరూ చెప్పుకోలేదు కాబట్టి.

అందుకే, కుర్రకారూ! ఈ చలికాలం ఓ ఆదివారం మ్యాట్నీ మానేసి ఆ దారి పట్టండి. పొద్దున్నే బయల్దేరండి, నీళ్లసీసా మరవకండి. చేల గట్టు మీద నడుస్తూ మాస్టారి పాట ఒకటి ఎత్తుకోండి. మీ కాళ్ల కింద నేలంతా ఒకనాటి రేవు సీమ. అక్కణ్ణుంచే ఓ తెలుగుసీమ నావికుడు తెరచాప ఎత్తాడు. ఇంటికొచ్చాక ఆయన పేరు ఇంకొకరికి చెప్పండి. అంతే చాలు!