మీకు తెలుసా? దూడ పారితే సూదొక్కటే దారా?

గేదె ఈనిందంటే ఇరుగుపొరుగుకు జున్నుపాలు పంచడం మన ఊళ్లలో మర్యాద. తొలిపూట పాలైతే జున్ను గట్టిగా వస్తుందని వాటికే గిరాకీ. ఆ గట్టిదనం పాలలోని మాంసకృత్తులది. వాటిలో పెద్ద వాటా దూడ కోసం తల్లి సిద్ధం చేసిన యాంటీబాడీలదే. మనిషి బిడ్డకు ఇవి కడుపులో ఉండగానే మాయ గుండా అందుతాయి. ఆవు, గేదె మాయ వాటిని దాటనివ్వదు. అందుకే దూడ నేల మీద పడేసరికి దాని ఒంట్లో యాంటీబాడీలు దాదాపు సున్నా.

జున్నుపాలలోని యాంటీబాడీలను దూడ పేగులు చెక్కుచెదరకుండా రక్తంలోకి పంపేది మొదటి రోజే. అదీ గంటగంటకూ తగ్గిపోయి 24 గంటలకు దాదాపు ఆగిపోతుంది. తొలి రెండు గంటల్లోనే పట్టడం మొదలుపెట్టమని పశువుల డాక్టర్లు చెప్పేది ఇందుకే. మొదటి రోజు దూడ బరువులో పదో వంతు తాగాలి. 25 కిలోల దూడకు రెండున్నర లీటర్లు. మాయ పడ్డాకే దూడను వదలాలన్న పట్టింపు ఇంకా చాలా ఇళ్లలో ఉంది. మాయ పడేసరికి ఒక్కోసారి సగం రోజు గడిచిపోతుంది. నిజానికి దూడ కుడిస్తే తల్లి గర్భసంచి ముడుచుకుంటుంది, మాయ పడడానికి అది సాయం.

అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో థియోబాల్డ్ స్మిత్, రాల్ఫ్ లిటిల్ కొన్ని దూడలకు జున్నుపాలు పట్టి, కొన్నిటికి పట్టకుండా చూశారు. తాగినవి బతికాయి. తాగని వాటిలో ఎక్కువ భాగం చచ్చిపోయాయి, వాటి అవయవాల్లో ఈకోలై బాక్టీరియా దొరికింది. ఆ ఫలితాలు అచ్చయింది 1922లో. పెన్సిలిన్ కనిపెట్టడానికి ఇంకా ఆరేళ్లుంది.

పుట్టిన మూడు నాలుగు రోజుల్లోపు నీళ్లలా పారే దూడలో ఈకోలైని అనుమానించాలి. అందులో ఒక రకం సన్నటి నూగులాంటి పోగులతో పేగు గోడకు అతుక్కుని విషం వదులుతుంది. పేగు చితికిపోదు, ఒంట్లోని నీటిని, ఉప్పులను బయటికి తోడేస్తుంది. దూడను చంపేది ఆ నీటి నష్టమే. కళ్లు లోపలికి పోయాయంటే దాని బరువులో సుమారు పదో వంతు నీరు పోయినట్టే లెక్క. అప్పుడు ముందు కావాల్సింది ఉప్పులు, గ్లూకోజు కలిపిన నీళ్లు. దూడ లేవలేకపోతే సెలైన్. పాలు మాన్పించి కడుపు మాడ్చడం పాత అలవాటు, దానివల్ల దూడ ఇంకా నీరసిస్తుంది.

వారం దాటాక వచ్చే పారుడులో రోటావైరస్, క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి ఎక్కువగా కనిపిస్తాయి. గేదె దూడల్లో తల్లి పాల ద్వారానే దిగే ఏలికపాములు మరో కారణం, వాటికి నట్టల మందు పట్టాలి. మామూలు యాంటీబయాటిక్ సూదులకు వీటిలో ఏదీ లొంగదు. దూడకు జ్వరం ఉండి, మేను వాల్చేసి, పేడలో రక్తం పడుతుంటే సంగతి వేరు. సాల్మొనెల్లా కావచ్చు, బాక్టీరియా రక్తంలోకి పాకి ఉండొచ్చు. అక్కడ యాంటీబయాటిక్ నిజంగా ప్రాణం నిలబెడుతుంది. ఆ తేడా చూసి చెప్పాల్సింది డాక్టరు, మందుల కొట్టువాడు కాదు.

ఆ తేడా చూడకుండా మందులు వాడితే ఏమవుతుందో తెలియాలంటే 1960లలో బ్రిటన్‌లో జరిగింది వినండి. పుట్టి కొద్ది రోజులే అయిన దూడలను వ్యాపారులు ఊరూరా కొని, ఒకచోట పోగేసి, దూరపు ఫారాలకు అమ్మేవాళ్లు. అలసట, ఇరుకు, తల్లి పాలు లేకపోవడం వల్ల పారుడు విరుచుకుపడింది. జబ్బు చేసినవాటికీ, చేస్తుందేమోనన్న భయంతో మిగతావాటికీ మందులు గుప్పించారు. లండన్‌లోని కాలిండేల్ ప్రయోగశాలలో ఇ. ఎస్. ఆండర్సన్ పరీక్షిస్తే, సాల్మొనెల్లాలో ‘టైప్ 29’ అనే రకం ఒకేసారి అనేక మందులకు మొండికేసి ఉంది. దూడల నుంచి మనుషులకూ సోకింది. పైగా ఆ మొండితనాన్ని, పొయ్యిలో నిప్పు పక్కింటికి ఇచ్చినట్టు, వేరే బాక్టీరియాకు అందించగలిగేది. తన దగ్గర తరిగేదేమీ లేదు! ఆండర్సన్ గోల పెట్టాక ప్రభుత్వం మైకేల్ స్వాన్ అధ్యక్షతన కమిటీ వేసింది, 1969లో నివేదిక వచ్చింది. నాకు విచిత్రంగా తోచేది ఒకటే: టైప్ 29 బలిసింది వైద్యం పేరుతో వేసిన మందుల వల్ల, గట్టి ఆంక్షలు పడ్డది పెరుగుదల కోసం మేతలో కలిపే మందుల మీద.

మన దేశంలో 2019 జులైలో కేంద్రం పశువులకు, కోళ్లకు కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని నిషేధించింది. వేరే ఏ మందూ పనిచేయని రోగులకు ఐసీయూల్లో చివరగా ఎక్కించే మందు అది. చాలా దేశాల్లో దూడల పారుడుకూ దాన్నే వాడారు.

సూది వేయకపోయినా దూడకు మందు చేరే దారి మరొకటుంది. పొదుగువాపు గేదెకు యాంటీబయాటిక్ సూది వేశాక కొన్ని రోజులు ఆ పాలు పాలకేంద్రంలో పోయకూడదు. పారబోయడానికి చేతులు రాక దూడకు పడతారు. అలా తాగిన దూడల పేడలో మందుకు లొంగని ఈకోలై ఎక్కువవుతుందని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2017లో తేల్చింది. కాచి పడితే చాలనుకునేవాళ్లున్నారు. కాస్తే క్రిములు చస్తాయి, పాలలోని మందు మాత్రం చాలావరకు అలాగే ఉంటుంది.