పిల్లి నోట నీచువాసన

కృష్ణానది యెడమగట్టున నున్న తోట్లవల్లూరు ప్రాంతమున, పసుపు, కంద, అరటి పండించు రైతుల యిండ్లలో, ధాన్యపు బస్తాలను ఎలుకల బారినుండి కాపాడుటకై పిల్లిని చేరదీయుట తరతరముల అలవాటు. ఏటిచేపలు బాగుచేయునాడు తలలును మొప్పలును దాని పాలు. తక్కిన దినములలో పెరుగన్నపు ముద్ద. చేపలు తిను జంతువు నోట నీచువాసన సహజమే గదా యని యింటివారు దాని నోటి దుర్గంధమును పట్టించుకొనరు. ఈ పొరపాటే పిల్లుల దంతవ్యాధులను ఏండ్ల తరబడి మరుగున నుంచుచున్నది. చేప తిన్న వాసన కొన్ని గంటలలో పోవును. కుళ్ళుకంపు పూటపూటకును వీడక నిలిచినచో అది ఆహారముది కాదు, చెడిన చిగుళ్ళది.

పిల్లిపిల్లకు మొదట 26 పాలపళ్ళు వచ్చును. మూడు నాలుగు నెలల ప్రాయము నుండి అవి రాలుచుండ, ఆరేడు నెలలు నిండునప్పటికి పై దవడను 16, క్రింది దవడను 14, వెరసి 30 స్థిరదంతములు ఏర్పడును. దాని దవడ పైకిని క్రిందికిని కదలునే గాని ప్రక్కలకు నూరదు. బుగ్గపళ్ళు కత్తెర వాదరలవలె ఒకదాని ప్రక్క నొకటి జారి మాంసమును తునుకలు చేయును. నమలుటకైన గుంటపళ్ళు లేకుండుటచేతను, తీపిపదార్థములు దాని ఆహారము కాకుండుటచేతను, మనకు వచ్చు పిప్పిపళ్ళు పిల్లికి మిక్కిలి అరుదు. దాని దంతములకు చేటు చిగురంచున మొదలగును.

పంటిపై నిత్యము పేరుకొను మెత్తని పాచియందు సూక్ష్మజీవులు కాపురముండును. తీసివేయనిచో, లాలాజలమందలి ఖనిజములు చేరి అది కొలది దినములలోనే గట్టి గారగా మారును. గార క్రింద చిగురు ఎఱ్ఱబారి వాచును. పిమ్మట పంటిని పట్టియుంచు ఎముక క్రమముగా కరగి, పన్ను కదలును. చిగురువాపు ఆరంభదశయందు పూర్తిగా నయమగును గాని, కరగిన యెముక తిరిగి రాదు. కావున తొలిదశను కనుగొనుటయందే సమస్తము ఉన్నది.

మఱియొక వ్యాధి మార్జాలజాతికి మిక్కిలి సామాన్యము. శరీరమందలి కణములే పంటిని లోలోపల తినివేయును. కారణ మింకను నిర్ధారణ కాలేదు. క్రింది దవడయందు కోరపంటి వెనుకనున్న ఖాళీని దాటి వచ్చు మొదటి పన్ను దీనికి తఱచు గురియగును. చిగురంచున పంటిమీదికి ఎఱ్ఱని కండ ప్రాకినట్లు కనబడును. అచ్చట తాకినంతనే దవడ వణకును. ఎంత భాగము కరగినదో ఎక్స్‌రే తీసినగాని తెలియదు. అట్టి పన్నును తీసివేయుటయే తఱచు చికిత్స. పళ్ళు పోయిన పిల్లి ఆకలితో మాడునని భయపడ నక్కఱలేదు. బాధ తొలగిన పిమ్మట అది మెత్తని తిండిని సుఖముగా తినును.

వేటజంతువగుటచే పిల్లి నొప్పిని బయటపెట్టదు. పంటిబాధ యెంతయున్నను ఆకలిచే తినుచునే యుండును. అందుచేత తినుచున్నది గదా యని నిశ్చింతగా నుండరాదు. తల ఒక ప్రక్కకు వంచి తినుట, ముద్దను నోటినుండి జారవిడుచుట, చొంగ కార్చుట, పంజాతో మూతిని గీరుకొనుట, ఒడలు నాకుకొనుట మానగా బొచ్చు అట్టలు కట్టుట, ఇవి దాని మౌనఫిర్యాదులు. అకస్మాత్తుగా నోరు గీరుకొనుచు ఉక్కిరిబిక్కిరి యైనచో, చేపముల్లు పై అంగుటికి అడ్డముగా, ఇరుప్రక్కల పళ్ళ నడుమ చిక్కుకొనియుండవచ్చును. అది మనము బలవంతముగా లాగదగినది కాదు, వైద్యుడు తీయవలసినది.

వారమున కొకమాఱైనను పిల్లిని ఒడిలో నుంచుకొని, పై పెదవిని బొటనవ్రేలితో కొంచెము ఎత్తి, బుగ్గపళ్ళ అంచును చూడవలెను. పళ్ళు తోముట నేర్పుటకు ముందుగా ఉప్పు, ఉల్లి వేయక చేపను ఉడికించిన నీటిలో వ్రేలు తడిపి నాకింపవలెను. అలవాటు పడిన పిమ్మట వ్రేలికి పలుచని గుడ్డ చుట్టి, లేదా పసిపిల్లల మెత్తని బ్రష్షుతో, పళ్ళ వెలుపలి వైపు మాత్రము రుద్దిన చాలును. నిత్యము చేయుట ఉత్తమము. పాలపళ్ళు రాలు దినములలో చిగుళ్ళు నొచ్చును గనుక ఆగవలెను. మన టూత్‌పేస్టు పనికిరాదు. పిల్లి ఉమ్మివేయలేక మ్రింగును. జంతువులకై చేసిన పేస్టులే వాడవలెను. నొప్పి తగ్గునని పారాసెటమాల్ బిళ్ళ నెన్నడును వేయరాదు; ఒక్క బిళ్ళయే దాని ప్రాణము తీయగలదు. పిల్లి కఱచినచో గాయమును సబ్బుతోను, పారు నీటితోను పదునైదు నిమిషములు కడిగి, వెంటనే వైద్యుని చూడవలెను.

గట్టిపడిన గార ఇంట తోముట వలన పోదు. మత్తు ఇచ్చి, చిగురు క్రింద కూడ శుభ్రపఱచుట పశువైద్యుని పని. గన్నవరమున 1998లో నెలకొన్న ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల ఈ ప్రాంతమునకు దవ్వు గాదు. పాడిపశువు జబ్బుపడిన తత్‌క్షణమే ఆసుపత్రికి తోలుకొనిపోవు రైతు, గాదెను కాచు పిల్లి విషయమున వెనుదీయుటకు న్యాయమైన కారణ మేదియు కానరాదు. మనకు సేవ చేయు ప్రాణి బాధను తీర్చుట గృహధర్మములలో ఒకటి.