ఐరోపా రైలు యాత్రలో ఆపుకొనకూడని వేగాలు

మొయినాబాద్ మండలంలోని చిలుకూరు బాలాజీకి ‘వీసా బాలాజీ’ అన్న పేరు ఏర్పడిన సంగతి పాఠకులకు తెలిసినదే. కోరిక చెప్పుకొనేటప్పుడు 11 ప్రదక్షిణలు, అది నెరవేరిన పిమ్మట 108 ప్రదక్షిణలు చేయడం అక్కడి ఆచారం. వెనుక ఈ మొక్కు ఎక్కువగా అమెరికా చదువులకు పోయే పిల్లలది. ఈ మధ్య, పిల్లలు స్థిరపడిన తరువాత పదవీ విరమణ చేసిన దంపతులు కూడా తమ కోసం తాము మొక్కుకొంటున్నారు. రెండు వారాలలో పారిస్, స్విట్జర్లాండు, వెనిస్, రోమ్, వియన్నాలను రైలులో చుట్టి రావలెనన్నది వారి కోరిక. దర్శనం చేసుకొని వెళుతూ, చేవెళ్ల రోడ్డు మీద వైద్యం చేసుకొనే నావంటి వాని వద్ద ఆగి, “చలికి ఏమి తీసుకుపోవాలి? అక్కడి తిండి పడుతుందా?” అని అడుగుతారు.

రెండూ న్యాయమైన ప్రశ్నలే. నేను ఆ రైళ్ళు ఎక్కినవాడిని కాను. ఎక్కి దిగి వచ్చినవారి నాడి చూచినవాడిని. చలి వలన గాని, తిండి వలన గాని మంచం పట్టి వచ్చినవారు తక్కువ. మూత్రంలో మంట, వారం రోజుల మలబద్ధం, కాళ్ళవాపు, నిద్రలేమి, నడుము పట్టు, చక్కెర వ్యాధి అదుపు తప్పడం, ఇవీ వారు తెచ్చుకొన్నవి. వీటన్నిటికీ మూలం ఒకటే: వేగధారణ.

వేగం అంటే ఇక్కడ రైలు వేగం కాదు. శరీరం తన అవసరాన్ని తెలియజేసే సహజమైన ప్రేరణకు ఆయుర్వేదంలో వేగమని పేరు. వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయం సూత్రస్థానంలో నాలుగవ అధ్యాయానికి ‘రోగానుత్పాదనీయం’ అని పేరు పెట్టాడు. అనగా రోగాలు పుట్టకుండా చూచుకొనే విధానం. ఆ అధ్యాయం ఆరంభమయ్యేది ఆపుకొనకూడని 13 వేగాలతో. చరకసంహితలో కూడా వీటికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉన్నది. ఆ పదమూడింటిలో మూత్రం, మలం, దప్పిక, ఆకలి, నిద్ర, శ్రమశ్వాస అనే ఆరింటిని మన యాత్రికులు ప్రతిదినమూ అణచిపెడుతున్నారు. కావాలని కాదు. వారు వేసుకొన్న కార్యక్రమం అటువంటిది.

కార్యక్రమంలోనే రోగబీజం

12 రోజులలో 8 నగరాలు అని వ్రాసి తెచ్చిన కాగితాన్ని ఒక విశ్రాంత ఉపాధ్యాయ దంపతులు నాకు చూపించారు. పారిస్ నుండి జ్యూరిచ్‌కు రైలులో సుమారు 4 గంటలు. “నాలుగు గంటలే కదా, వికారాబాద్ పోయి వచ్చినట్లే” అన్నారాయన. కాని లెక్క అది కాదు. తెల్లవారుజామున లేచి సామాను సర్దుకొనవలెను. హోటలు గది ఖాళీ చేసి, స్టేషన్ చేరి, ఫలకం మీద ప్లాట్‌ఫారం సంఖ్య పడే వరకు నిలబడి చూడవలెను. దిగిన తరువాత మధ్యాహ్నం వరకు కొత్త హోటలులో గది ఇవ్వరు; సామాను అక్కడ పడవేసి ఊరు తిరగవలెను. నాలుగు గంటల ప్రయాణం ఒక పూర్తి దినాన్ని మింగుతుంది. ఆ దినంలో వేళకు భోజనం లేదు, విసర్జన లేదు, విశ్రాంతి లేదు. ఇట్లాంటివి ఎనిమిది దినాలైతే అరవై ఏళ్ళ శరీరంలో వాతం ప్రకోపించక ఏమి చేస్తుంది?

మద్రాసు నుండి ఏనుగుల వీరాస్వామిగారు 1830 మేలో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. పదిహేను నెలలు పట్టిన ఆ యాత్ర మజిలీల యాత్ర. ఎక్కడ దిగాలి, నీరు ఎట్లా ఉన్నది, వంటకు ఏమి దొరుకుతుంది అన్నవి ఆయన వ్రాసుకొంటూ పోయారు. మనకు పదిహేను నెలలు లేవు, నిజమే. అయినా మజిలీ అన్న ఆలోచన విడువరాదు.

నా సలహా ఇది: ప్రతి నగరంలోనూ కనీసం 3 రాత్రులు, దిగిన నగరంలో 4 రాత్రులు. రెండు వారాలకు నాలుగు ఊళ్ళు చాలు. ఐరోపా వారు కానివారి కోసం 1959 నుండి ఉన్న యూరైల్ పాస్ కొన్నవారికి, “డబ్బు కట్టాము గదా, ఇంకొక దేశం తిరిగి వద్దాము” అన్న ఆశ పుడుతుంది. 33 దేశాలలో చెల్లుతుందంటే 33 దేశాలూ తిరగమని కాదు. అదీగాక ఫ్రాన్సు, ఇటలీల వేగపు రైళ్ళలో పాస్ ఉన్నా సీటుకు వేరుగా రుసుము కట్టి రిజర్వేషన్ చేయించుకొనవలెను. రాత్రి రైళ్ళ విషయం కూడా ఆలోచించండి. హోటలు ఖర్చు మిగులుతుందని ఎక్కుతారు గాని, పడక ఇరుకు, నిద్ర తునకలు తునకలు. పడుచువారికి సరదా, మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి వద్దు.

మూత్రవేగం

ఇది చెప్పడానికి మన స్త్రీలు సిగ్గుపడతారు. అందువలననే వివరంగా వ్రాస్తున్నాను. అక్కడి పెద్ద స్టేషన్లలో మరుగుదొడ్డికి చాలాచోట్ల డబ్బు చెల్లించవలెను. చిల్లర నాణెమో, కార్డో లేకపోతే తలుపు తెరుచుకోదు. లోపల నీళ్ళు ఉండవు, కాగితమే. ఈ రెండింటికీ వెరచి మన ఆడవారు చేసే పని నీళ్ళు త్రాగడం మానుకోవడం. ఉదయం కాఫీ త్రాగి బయలుదేరి సాయంత్రం వరకు గుక్కెడు నీరు పుచ్చుకోరు. అనగా దప్పికను, మూత్రాన్ని రెండింటినీ ఒకేసారి ఆపుతారు. మూత్రవేగాన్ని నిలిపితే పొత్తికడుపులో నొప్పి, మంట, కష్టంగా బొట్లుబొట్లుగా రావడం కలుగుతాయని శాస్త్రం. అక్కడి నుండి జ్వరానికి, మూత్రపిండాల వరకు పాకే వ్యాధికి దూరం ఎంతో లేదు. మధుమేహం ఉన్నవారిలో ఆ దూరం ఇంకా తక్కువ.

ఉపాయం కష్టమైనది కాదు. దూరప్రయాణపు రైళ్ళలో మరుగుదొడ్డి ఉన్నది, దానికి డబ్బు లేదు. రైలు దిగడానికి పావుగంట ముందు, అవసరం అనిపించినా అనిపించకపోయినా వెళ్ళి రావలెను. సంగ్రహాలయాలలో, భోజనశాలలలో కూడా లేచేముందు అట్లే చేయవలెను. చేతిసంచిలో ఒక యూరో నాణేలు నాలుగు, అర లీటరు ఖాళీ సీసా ఒకటి ఉంచుకొనండి. ఆ సీసాను వాష్‌బేసిన్ వద్ద నింపుకొని లోపలికి పోవచ్చును. ఇటలీ హోటళ్ళలో మాత్రం కడుగుకొనడానికి బిడే అనే తొట్టి ఉంటుంది. అది కాళ్ళు కడుగుకొనడానికని అనుకొన్నవారున్నారు.

రక్తపోటుకు మూత్రం ఎక్కువగా వచ్చే మాత్ర వాడేవారు ప్రయాణపు రోజున దానిని ఎవరికీ చెప్పకుండా మానివేస్తున్నారు. అట్లా చేయరాదు. వేళ మార్చుకొనవచ్చునేమో ఆ మాత్ర వ్రాసిన వైద్యునినే అడగండి.

త్రాగే నీటికి అక్కడ కరవు లేదు. పశ్చిమ ఐరోపా నగరాలలో కుళాయి నీరు సాధారణంగా త్రాగదగినదే. జ్యూరిచ్ నగరంలో 1,200కు పైగా నీటి ఊటలున్నాయి. రోమ్ వీధులలో కూడా నిరంతరం పారే కుళాయిలున్నాయి. దుకాణంలో కొనేటప్పుడే జాగ్రత్త. వాయువు ఎక్కించిన నీటిసీసా తెలియక కొని, కడుపు ఉబ్బి బాధపడినవారు పలువురు. ఇటలీలో ‘నాచురాలే’ అనీ, ఇతరచోట్ల ‘స్టిల్’ అనీ అడిగితే మామూలు నీరు ఇస్తారు. ఒంట్లో వేడి అనిపించిన రోజున చెంచాడు ధనియాలు నలుగగొట్టి రాత్రి గ్లాసెడు నీళ్ళలో నానవేసి ఉదయం వడగట్టి త్రాగడం మేలు. చలితో పాటు జ్వరం, నడుము ప్రక్కల నొప్పి, మూత్రంలో రక్తం కనిపిస్తే ధనియాల నీటితో కాలక్షేపం చేయక అక్కడి వైద్యుని చూడవలెను.

పది గంటల వరకు అస్తమించని సూర్యుడు

మన దినచర్య సూర్యుని ననుసరించినది. జూన్ నెలాఖరున పారిస్‌లో సూర్యాస్తమయం రాత్రి దాదాపు 10 గంటలకు. వెలుతురు ఉన్నదని తిరుగుతూనే ఉంటారు. భోజనం పదకొండుకు, నిద్ర అర్ధరాత్రి దాటాక. డిసెంబరులో దీనికి విరుద్ధంగా సాయంత్రం 5 లోపే చీకటి. అటువంటి దేశంలో సూర్యుని విడిచి గడియారాన్ని పట్టుకొనవలెను. ఏడు, ఏడున్నరకు తేలికైన భోజనం, పది గంటలకు తెరలు మూసి పడక.

మొదటి మూడు దినాలు మాత్రం గడియారం కూడా మాట వినదు. మనకూ పారిస్‌కూ వేసవిలో మూడున్నర గంటలు, శీతకాలంలో నాలుగున్నర గంటలు తేడా. మీరు ఇంట్లో వేకువన 5 గంటలకు లేచేవారైతే అక్కడ వేసవిలో రాత్రి ఒకటిన్నరకే మెలకువ వస్తుంది. దీపం వేసి ఫోను చూడకండి. పాదాలకు నువ్వులనూనె మర్దించుకొని కళ్ళు మూసుకొని పడుకొనండి. రాత్రి నిద్ర చెడినవాడు పోయిన నిద్రలో సగం కాలం మర్నాటి ఉదయం భోజనానికి ముందు నిద్రించవచ్చునని వాగ్భటుడే అనుమతి ఇచ్చాడు. మధ్యాహ్నం పొట్టనిండా తిని మూడు గంటలు నిద్రించడానికి మాత్రం ఆ అనుమతి చెల్లదు. ఉదయపు ఎండలో అరగంట నడవడం నిద్రను దారికి తెస్తుంది.

ఆకలి విషయంలో మన బలహీనత ఒకటున్నది. హోటలు అద్దెలో ఉదయ ఫలాహారం చేరి ఉన్నదని కంఠం వరకు తిని, ఆపై ఖర్చుకు వెనుదీసి రాత్రి వరకు ఉపవాసం. ఇది విషమాశనం. మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారికి ఇది ప్రాణాంతకం కూడా కావచ్చును. చక్కెర హఠాత్తుగా పడిపోతుంది. అటుకులు, మరమరాలు, పుట్నాలపొడి, నువ్వుండలు చేతిసంచిలో ఉండవలెను. అరటిపండు, తీపి చేర్చని పెరుగు ప్రతి అంగడిలో దొరుకుతాయి. పెరుగు మధ్యాహ్నం తినండి, రాత్రి వద్దు. శాకాహారులకు రెండు మాటలు: పారిస్‌లో పేరుపొందిన ఉల్లిపాయ సూపును సాధారణంగా గోమాంసపు రసంతో చేస్తారు, ఇటలీ వారి పార్మిజాన్ చీజులో దూడ కడుపు నుండి తీసిన తోడు చేరుతుంది. అడిగి తినండి.

మలబద్ధం ఉన్నవారు రాత్రి వేడినీటితో 3 గ్రాముల త్రిఫల చూర్ణం పుచ్చుకొనవచ్చును. మరునాడు రైలు ఉంటే మొదటిసారి ప్రయోగం ఆ రాత్రే చేయకండి. ఇంటివద్ద వారం ముందే చూచుకొనవలెను.

సామాను, మెట్లు, ఎత్తు

శ్రమశ్వాస అంటే ఆయాసపడినప్పుడు వచ్చే వేగమైన ఊపిరి. దానిని ఆపక నిలబడి తీర్చుకొనవలెనని శాస్త్రం; గుండెకు సంబంధించిన బాధలు దానిని ఆపడం వలననే కలుగుతాయని హెచ్చరిక. అక్కడి స్టేషన్లలో మనవలె హమాలీలు కనిపించరు. రైలు మధ్య స్టేషన్లలో రెండు మూడు నిమిషాలే నిలుస్తుంది. పెట్టె డబ్బాలోకి ఎత్తేది మీరే, అరలో పెట్టేది మీరే. అందువలన మనిషికి ఒక పెట్టె, పది కిలోలకు మించరాదు. ఆలస్యమైతే తరువాతి రైలు పట్టుకొనండి. ఊపిరి బిగబట్టి పరుగెత్తకండి. చిలుకూరులో 11 ప్రదక్షిణలు చేసేటప్పుడు ఎన్నిసార్లు కూర్చున్నారని నేను అడుగుతాను. మధ్యలో ఛాతీ పట్టుకొని కూర్చున్నవారిని ముందు గుండె వైద్యుని వద్దకు పంపుతాను, రైలు తరువాత.

స్విట్జర్లాండులో 1912 నుండి పర్వతం లోపలి సొరంగంలో రైలు ఎక్కి చేరే యుంగ్‌ఫ్రావ్ యోఖ్ స్టేషన్ 3,454 మీటర్ల ఎత్తున ఉన్నది. మన హైదరాబాదు సుమారు 540 మీటర్లు. అంత ఎత్తుకు కొద్ది గంటలలో చేరినప్పుడు తలనొప్పి, తల తిరగడం, ఆయాసం సహజం. మెల్లగా నడవండి, బాధ పెరిగితే మరుసటి రైలులోనే దిగి రండి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు వైద్యుని అనుమతి లేకుండా పోరాదు. క్రింది సరస్సుల వద్ద కూర్చున్నా కొండలు కనిపిస్తూనే ఉంటాయి.

పెట్టెలో ఏమి ఉండవలె

మన ఇళ్ళలో పెద్దలు నేయి సీసా, పాలకోవా పెట్టి పంపుతారు. ఐరోపా సమాఖ్య దేశాలలోకి బయటి నుండి వచ్చేవారు పాలు, మాంసం, వాటితో చేసినవి తేకూడదు, పట్టుకొంటే పారవేస్తారు. పచ్చి కరివేపాకు కూడా అంతే. పండ్లలో అరటి, కొబ్బరి, ఖర్జూరం, అనాస, డురియన్ తప్ప మిగిలిన వాటికి ధ్రువపత్రం కావలెను. కారప్పొడులు, శొంఠి, ధనియాలు చాలు.

మందులు చీటీ ఉన్న అసలు డబ్బాలలోనే ఉండవలెను. కాగితపు పొట్లాలు వద్దు. రసౌషధాలు, భస్మాలు ప్రయాణానికి తగవు. రక్తపోటు, చక్కెర మందులు, ఇన్సులిన్ చేతిసంచిలో, వైద్యుని చీటీతో. నువ్వులనూనె మాత్రం విమానంలో అప్పగించే పెట్టెలో. అక్కడ యాంటీబయాటిక్ మందులు చీటీ లేనిదే ఇవ్వరు. షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ముందునుండి ఉన్న జబ్బులకు అది వర్తిస్తుందో లేదో బయలుదేరక ముందే చదువుకొనండి. అత్యవసరానికి 112.

చివరగా కాళ్ళ సంగతి. విమానంలో గాని రైలులో గాని గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయవలెను. కూర్చున్నచోటనే పాదాలు పైకీ క్రిందికీ ఆడించవలెను. రెండు కాళ్ళూ సమంగా ఉబ్బితే రాత్రికి ఎత్తున పెట్టుకొని పడుకొంటే తగ్గుతుంది. ఒక కాలే ఉబ్బి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే మర్దన చేయరాదు. లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చును, అది ఊపిరితిత్తులకు పోతే ప్రాణాపాయం. వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఈ ప్రమాదం ఇంటికి చేరిన తరువాత కూడా కొన్ని వారాల వరకు ఉంటుంది గనుక, ఆ దినాలలో కాలినొప్పితోనో ఆయాసంతోనో ఏ వైద్యుని వద్దకు పోయినా, దూరప్రయాణం చేసి వచ్చినట్లు మొదటే చెప్పండి.