చిలుకలో దాచిన ప్రాణము

ఎవనికైనను ఏదో యొక వస్తువుపై వల్లమాలిన మమకార ముండినచో "వాని ప్రాణ మా చిలుకలో నున్నది" యని మనవారు నేటికిని అనుచుందురు. ఆ చిలుక ఏడు సముద్రముల కావలి దనియు, అందు ప్రాణము దాచుకొన్నవాడు బాలనాగమ్మను చెఱబట్టిన మాయల ఫకీరనియు తెలుగువారికి వేఱుగ చెప్పనక్కఱ లేదు.

ఉయ్యాలలో పసికందును విడిచి, వాకిట నిలిచిన జంగమునకు భిక్ష వేయ గడప దాటిన యిల్లాలిని ఫకీరు కుక్కగా మార్చి కొనిపోవుట, వెదకబోయిన భర్త కార్యవర్ధిరాజు శిల యగుట, వ్రతమున నున్నానని చెప్పి ఆమె యేండ్ల తరబడి ఫకీరును దరిజేరనీయకుండుట, తుదకు కొడుకు బాలవర్ధిరాజు పూలమ్ముదాని యింట మనుమడై చేరి ప్రాణరహస్యమును సాధించుట - ఇదియే కథాసంగ్రహము. జంగము వేషమున సీతాపహరణచ్ఛాయ స్పష్టము.

ఐతే యీ చిలుక మన యొక్కరిదే కాదు. బొంబాయి గవర్నరు కుమార్తె మేరీ ఫ్రియర్, తమ యింటి ఆయా అన్నా డిసౌజా చెప్పగా వ్రాసికొని, 1868లో అచ్చొత్తించిన దక్కను కథలలో 'పంచ్‌కిన్' అను మాంత్రికు డొకడు గలడు. అందు రాజునకు ఏడుగురు కూతుండ్రు. కడగొట్టుదాని పేరు బాల్నా. అందును కుక్కరూపము, పండ్రెండేండ్ల చెఱ, తోటమాలి భార్య యింట చేరిన కొడుకు, ఆకుపచ్చని చిలుక! ఆ బాల్నా మన బాలనాగమ్మయే యని నాకు తోచును. ఫ్రేజరు పండితుడు 'గోల్డెన్ బౌ'లో దేహమునకు వెలుపల దాచిన ప్రాణమునుగూర్చి చర్చించుచు ఈ పంచ్‌కిన్ కథనే యుదాహరించెను. రష్యావారి కథలలోని కొష్చేయి తన మృత్యువును గ్రుడ్డులోని సూదిమొనయందు దాచినాడు. మూడువేల యేండ్లకు పైబడిన ఈజిప్టు పత్రమున నొకడు తన గుండెను తుమ్మపూవుపై నుంచెను.

చిలుక లోకమంతటి సొత్తైనను, తెలుగు కథకుని గుండె మాత్రము గడపకడనే యున్నది. బుర్రకథలవారు ఏడిపించిన దచ్చటనే. సురభివారి రంగస్థలమును, పిదప సినిమాయును మాయలవైపు మొగ్గినవి. 1942లో జెమినీ వాసన్ నిర్మింపగా చిత్తజల్లు పుల్లయ్య దర్శకత్వము వహించిన చిత్రమున కాంచనమాల బాలనాగమ్మయే గాని, జనులు చెప్పుకొన్నది గోవిందరాజుల సుబ్బారావు ధరించిన మాయల మరాఠీ యను ఆ ఫకీరు పాత్రను. ఎన్.టి.రామారావు, అంజలీదేవి నటించిన మఱియొక చిత్రము 1959లో వచ్చినది. మాంత్రికుని యట్టహాసమున తల్లి నిట్టూర్పు వినబడకపోవుట నాకెన్నడును రుచింపలేదు.

మా అమ్మమ్మ చిలుక రెక్కలు, కాళ్ళు, మెడ విఱుచుట నొక్క గుక్కలో చెప్పివైచెడిది. గడప వచ్చునప్పటికి మాత్రము చేతిలోని చిక్కుడుకాయకు ఈనె తీయుట మాని, బియ్యపు చేట పట్టుకొన్నట్లు రెండుచేతులును ముందుకు చాచి, "కాలు బయటపెట్టినదా?" యని మేమడుగువఱకు నూరకుండెడిది.