చక్కెర తగ్గలేదు, శుక్లం మాత్రం ఆలస్యమైంది

మధుమేహం ఉన్నవారు రక్తపరీక్ష రిపోర్టు చేతికి రాగానే ముందు చూసేది చక్కెర ఎంత ఉందని. ఆ అంకె ఏళ్ల తరబడి దిగిరాకపోతే అసలు ముప్పు మొదలవుతుంది. కళ్లు, మూత్రపిండాలు, నరాలు, గుండె నెమ్మదిగా దెబ్బతింటాయి. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం, మన దేశంలో మధుమేహం ఉన్నవారి సంఖ్యను 10.1 కోట్లుగా అంచనా వేసింది. వీరిలో చక్కెరను నిలకడగా అదుపులో పెట్టుకోలేనివారు ఎందరో. మరి చక్కెర ఎక్కువగా ఉన్నప్పుడు కూడా అవయవాలను కొంతకాలమైనా కాపాడగల పదార్థం ఏదైనా ఉందా? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ వంటింటి పోపుల డబ్బా దాకా వెళ్లారు.

వారు ఎంచుకున్న పదార్థాల్లో ఒకటి కర్కుమిన్. పసుపుకు ఆ రంగునిచ్చేది ఇదే. పరీక్షించిన అవయవం కంటి కటకం. మధుమేహం ఉన్నవారిలో శుక్లాలు త్వరగా రావడానికి కారణం ఈ కటకం నిర్మాణంలోనే ఉంది. దానికి రక్తనాళాలు లేవు, చుట్టూ ఉన్న ద్రవం నుంచే గ్లూకోజ్‌ను తీసుకుంటుంది. అందుకు ఇన్సులిన్ సాయం కూడా పెద్దగా అక్కర్లేదు. కాబట్టి రక్తంలో చక్కెర పెరిగితే కటకంలోనూ పెరుగుతుంది. అలా మిగిలిపోయిన గ్లూకోజ్‌ను ఆల్డోజ్ రిడక్టేజ్ అనే ఎంజైమ్ సార్బిటాల్‌గా మారుస్తుంది. సార్బిటాల్ కణాల్లోంచి సులభంగా బయటికి పోలేదు. అక్కడే పోగుపడి నీటిని లాక్కుంటుంది. కణాలు ఉబ్బుతాయి. మరోపక్క గ్లూకోజ్ నేరుగా కటకంలోని ప్రోటీన్లకు అంటుకుని వాటి రూపాన్ని చెడగొడుతుంది. శరీరంలో చాలా ప్రోటీన్లు పాతబడితే కొత్తవి వస్తాయి. కటకం లోపలి ప్రోటీన్లు మాత్రం పుట్టినప్పటి నుంచి చివరిదాకా అవే. ఒకసారి పాడైతే ఆ మచ్చ పోదు.

పోషకాహార సంస్థ పరిశోధకులు స్ట్రెప్టోజోటోసిన్ అనే రసాయనంతో ఎలుకల్లో మధుమేహం కలిగించి, ఎనిమిది వారాల పాటు వేర్వేరు మేతలు పెట్టారు. ఒక గుంపు మేతలో 0.002 శాతం కర్కుమిన్, మరో గుంపుకు 0.01 శాతం, ఇంకో గుంపుకు 0.5 శాతం పసుపు కలిపారు. అంటే కిలో మేతకు 20 మిల్లీగ్రాములు, 100 మిల్లీగ్రాముల కర్కుమిన్, లేదా 5 గ్రాముల పసుపు. ఫలితాలు 2005లో వెలువడ్డాయి. ఈ మేతల వల్ల ఏ గుంపులోనూ రక్తంలో చక్కెర అదుపులోకి రాలేదు, ఇన్సులిన్ కూడా మెరుగుపడలేదు. అయినా పసుపు, కర్కుమిన్ తిన్న ఎలుకల్లో శుక్లం ముదరడం ఆలస్యమైంది. ఇంకో విశేషం, సమానమైన మోతాదు కర్కుమిన్‌తో పోలిస్తే పసుపే మెరుగ్గా పనిచేసింది. విడదీసి శుద్ధి చేసిన పదార్థమే గొప్పదనుకునేవారు ఆగి చూడవలసిన ఫలితమిది.

అయితే ఇదే సంస్థ అంతకు రెండేళ్ల ముందు, 2003లో ప్రచురించిన ప్రయోగం మరో సంగతి చెప్పింది. అప్పుడు ఎలుకలకు గెలాక్టోజ్ ఎక్కువగా ఉన్న మేత పెట్టి శుక్లం తెప్పించారు. 0.002 శాతం కర్కుమిన్ శుక్లాన్ని ఆలస్యం చేసింది. 0.01 శాతం ఇచ్చిన ఎలుకల్లో మాత్రం, కర్కుమిన్ అసలు ఇవ్వనివాటికన్నా శుక్లం వేగంగా ముదిరింది. చక్కెర భారం ఎక్కువగా ఉన్నప్పుడు కర్కుమిన్ మోతాదు మించితే, అది ఆక్సీకరణ ఒత్తిడిని తగ్గించే బదులు పెంచవచ్చని పరిశోధకులు భావించారు. మోతాదు అయిదు రెట్లు పెరిగేసరికి ఫలితం తలకిందులైంది!

మూత్రపిండాల విషయంలో ఈ సంస్థ దాల్చినచెక్కను పరీక్షించింది. అందులోని ప్రోసయనిడిన్-బి2 ఎక్కువగా ఉన్న భాగాన్ని మధుమేహపు ఎలుకలకు ఇస్తే, మూత్రపిండపు జల్లెడను నిలబెట్టే నెఫ్రిన్, పోడోసిన్ ప్రోటీన్ల నష్టం తగ్గిందని 2014లో తెలిపింది.

ఎలుకల నుంచి మనుషులకు వచ్చేసరికి దారి కఠినమైంది. మొదటి చిక్కు శోషణ. మింగిన కర్కుమిన్‌లో రక్తానికి చేరేది చాలా స్వల్పం. బెంగళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 1998లో 2 గ్రాముల కర్కుమిన్‌కు 20 మిల్లీగ్రాముల పైపెరిన్, అంటే మిరియాల ఘాటు పదార్థం, జోడించి ఇస్తే మనుషుల్లో శోషణ 2,000 శాతం పెరిగిందని చూపారు. ఇప్పుడు మందుల దుకాణాల్లో కనిపించే చాలా పసుపు గుళికల్లో మిరియాల సారం ఉండటానికి మూలం ఇదే.

2011లో ఇరాన్‌లో వెలువడిన చిన్న అధ్యయనంలో, మధుమేహం వల్ల మూత్రపిండాలు దెబ్బతిన్న 40 మందిలో సగం మందికి రెండు నెలలు రోజుకు మూడు పూటలా 500 మిల్లీగ్రాముల పసుపు ఇచ్చారు. వారి మూత్రంలో పోయే ప్రోటీన్ తగ్గింది. ఆశ పుట్టించే ఫలితమే. కానీ తర్వాత కెనడాలో, దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఉన్న మరింత ఎక్కువ మందికి, సూక్ష్మ రేణువులుగా తయారుచేసిన కర్కుమిన్‌ను ఆరు నెలలు ఇచ్చి చూస్తే, ఉత్తుత్తి మాత్ర మింగినవారికీ వీరికీ తేడా కనిపించలేదు. నలభై మందిలో కనిపించిన మేలు కన్నా, పెద్ద పరీక్షలో కనిపించని మేలుకే ఎక్కువ విలువ ఇవ్వాలి.

గుళికలతో మరో చిక్కు కాలేయం. అమెరికాలో మందుల వల్ల కలిగే కాలేయ నష్టాన్ని నమోదు చేసే వైద్య బృందం, పసుపు గుళికలకు ముడిపడిన పది కేసులను 2022లో వివరించింది. వారిలో ఒకరు మరణించారు. కొన్ని గుళికల్లో పైపెరిన్ కూడా ఉంది. పప్పులో, కూరలో చిటికెడు పసుపు వేసుకోవడానికి దీనితో సంబంధం లేదు. గుళికలు వాడుతున్నవారు మాత్రం ఆ సంగతిని, మధుమేహపు మందుల చీటీతో పాటే వైద్యునికి చెప్పాలి. పసుపు మీద నమ్మకంతో ఆ మందులు మానేయడానికి పై ప్రయోగాల్లో ఏదీ ఆధారం కాదు. శుక్లాన్ని ఆలస్యం చేసిన ఆ ఎలుకల్లో సైతం చక్కెర మాత్రం ఎక్కువగానే ఉండిపోయింది.